కనగర్తల పులుసు తిన్నాక ఒళ్లు ఎర్రబడితే ఎలర్జీయా, హిస్టమినా?

ఉప్పుగాలి అడిగారు:
ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్న ఆరింటికి కనగర్తలు, సూర కొని, ప్లాస్టిక్ సంచిలో గాజువాక దాకా తీసుకెళ్లి పదకొండింటికి వండితే ఫర్వాలేదా? తిన్న అరగంటకి మొహం, మెడ ఎర్రబడి తలనొప్పి వస్తుంది కొందరికి. మళ్లీ వారం అదే మనిషి అదే చేప తింటే ఏమీ కాదు. చింతపండు పులుసులో బాగా మరిగిస్తే ఆ దోషం పోదా? ఐస్ ఎంత వెయ్యాలి?

పొలుసు:
పోదండి. ఒకసారి వచ్చి ఇంకోసారి రాలేదంటే, పైగా ఆ చేప తిన్న నలుగురికీ వచ్చిందంటే, ఎలర్జీ కంటే, చల్లగా ఉంచని చేపలో పుట్టే హిస్టమిన్ అనే రసాయనాన్నే ముందు అనుమానించాలి. కనగర్త, సూర, వంజరం, కవళ్ల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. మొప్పల్లో, పేగుల్లో ఉండే మోర్గనెల్లా మోర్గాని లాంటి బ్యాక్టీరియా తమ ఎంజైముతో దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఎంజైమూ చెడుతుంది. అప్పటికే తయారైన హిస్టమిన్ మాత్రం చెక్కుచెదరదు. పులుపూ, కారమూ, రెండోసారి వేడిచెయ్యడమూ దాని మీద పనిచెయ్యవు. వాసన చూసి కనిపెట్టలేం. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ముక్క ఉమ్మేసి, మిగతా కూర పారబోయండి.

మీ అయిదు గంటలు చాలా ఎక్కువ. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో, చల్లబరిచిన పచ్చి చేప తర్వాత ఎప్పుడైనా 21 డిగ్రీలు దాటితే, 4.4 పైన గడిచిన సమయమంతా కలిపి నాలుగు గంటలు మించకూడదు. బోటు మీద ఎంత గడిచిందో కొనేవాళ్లకి తెలీదు కదా!

ఐస్‌బాక్స్:
ఐస్ సంగతి నేను చెప్తాను. కిలో చేపని 30 నుంచి 0 డిగ్రీలకి దించడానికి దాదాపు 108 కిలోజౌళ్ల వేడి లాగెయ్యాలి. కిలో ఐస్ కరిగితే 334 లాగుతుంది. అంటే 320 గ్రాములు చాలు అనిపిస్తుంది. కానీ విశాఖ ఎండలో బాక్సు గోడల్లోంచి వచ్చే వేడి మిగతాది తినేస్తుంది, అందుకే కిలోకి కిలో. దిమ్మలుగా వేస్తే మధ్యలో గాలి నిలుస్తుంది, చేపకి తగలదు. బాగా నలగ్గొట్టండి. మొప్పలూ పేగులూ అక్కడే తీయించి, పొట్ట లోపల గుప్పెడు ఐస్ కూరి, కిందా పైనా ఐస్ పరిచి, కరిగిన నీళ్లు పోయేలా బాక్సుకి అడుగున కన్నం ఉంచండి. ఇంటికెళ్లాక డీప్ ఫ్రీజర్‌లో పడేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఇక ఏ బెంగా లేదు.

పొలుసు:
ఐస్‌బాక్స్ గారూ, ఆ చివరి మాట ఒప్పుకోలేను. మైనస్ 18లో బ్యాక్టీరియా పెరగదు గానీ అన్నీ చావవు, ముందే పుట్టిన ఎంజైమూ అలాగే ఉంటుంది. సింకులో పెట్టి కరిగిస్తే మళ్లీ పని మొదలెడుతుంది. ఫ్రిజ్ కింది అరలో కరిగించి వెంటనే వండాలి. ఆ అరలోనే రోజుల తరబడి ఉంచడమూ మంచిది కాదు. మోర్గనెల్లా సైక్రోటాలరెన్స్ అనేది 0–5 డిగ్రీల దగ్గర కూడా పెరిగి హిస్టమిన్ చేస్తుందని 2006 నాటికే తేలింది.

నాడీ:
హిస్టమిన్ ఎంత దాకా ఫర్వాలేదు అని ఎవరైనా అడుగుతారని రాస్తున్నా. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు పూటకి 50 మిల్లీగ్రాముల దాకా ఆరోగ్యవంతులకి ఇబ్బంది ఉండదన్నారు. పూటకి 250 గ్రాముల చేప అనుకుంటే కిలో చేపకి 200 మిల్లీగ్రాములు అవుతుంది.

అయితే క్షయకి ఐసోనియాజిడ్ వాడుతున్నవాళ్లకి ఈ లెక్క సరిపోదు. పేగులో హిస్టమిన్‌ని విరగ్గొట్టే డయమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని ఆ మందు అడ్డుకుంటుంది, కొద్దిపాటికే గుండెదడ, ఎర్రదనం వస్తాయి. వాళ్లు ఈ చేపలకి దూరంగా ఉండటమే మేలు. మందు మాత్రం ఆపకూడదు, డాక్టరుకి చెప్పాలి. ఎవరికైనా సరే ఆయాసం వచ్చినా, పెదాలూ నాలుకా వాచినా, కళ్లు తిరిగి పడిపోయినా ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఉప్పుగాలి:
మరి ఎండుచేపలో?

పొలుసు:
ఎండబెట్టే లోపు పచ్చిగా ఎంతసేపు ఉందన్నదే అక్కడా లెక్క. అప్పటికే పుట్టిన హిస్టమిన్ ఎండకీ ఉప్పుకీ పోదు. నీళ్లు తగ్గుతాయి కాబట్టి గ్రాముకి లెక్కేస్తే ఇంకా చిక్కబడుతుంది.