శాలిహుండం చూడడానికి వచ్చేవారిని ఒక్క రాత్రి మా ఊళ్లో ఉంచడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, శాలిహుండం కొండకు దగ్గరి పల్లె. వంశధార ఒడ్డున ఉన్న ఆ కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి, ప్రదర్శనశాలలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద 2017-18లో మంజూరైన బౌద్ధ క్షేత్రాల పనుల్లో దీని పేరూ ఉంది. అయినా వచ్చినవారు గంటసేపు చూసి వెళ్లిపోతున్నారు.

మొన్న ఆదివారం ఒక పెద్దావిడ మెట్ల మీద కూలబడి, "తినడానికి ఏమైనా దొరుకుతుందా అమ్మా?" అని అడిగారు. ఇంటి నుంచి చెంబుతో మంచినీళ్లు, నాలుగు ఉడికించిన తేగలు తెచ్చి ఇచ్చాను. తేగ చీల్చి పీచు తీస్తూ ఎంత ఇష్టంగా తిన్నారో! అప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు.

మా పొదుపు సంఘంలో నలుగురం తలా ఒక గది అతిథులకు ఇవ్వాలనుకుంటున్నాం. మరుగుదొడ్లు బాగుచేయించాలి, మంచాలు, పరుపులు కొనాలి. సంఘం అప్పు ఒక్కటే చాలదు. ఇలాంటి చిన్న పనికి పర్యాటక శాఖ సాయం దొరుకుతుందా? దరఖాస్తు పంచాయతీ పెట్టాలా, మేమే పెట్టుకోవచ్చా? ఇళ్లలో బస నడిపిన అనుభవం ఉన్నవారు అనుమతుల సంగతి కూడా చెప్పండి.

ఇంకొకటి. అరసవల్లి, శ్రీముఖలింగం దర్శనానికి వచ్చే యాత్రికులకు మా ఊరి మాట ఎలా చేరవేయాలి? కళింగపట్నం సముద్రతీరం మాకు దగ్గరే, కొండనూ తీరాన్నీ కలిపి చూపిస్తే బాగుంటుందని నా ఆలోచన. కరపత్రాలు వేయాలా, ఫోనులో వీడియోలు తీసి పెట్టాలా? ముందు దేనికి ఖర్చు పెట్టమంటారు?