ట్రైనీ ఫస్ట్ ఆఫీసర్‌గా చేరబోతున్నాను: ఒక బ్యాచ్ వాయిదా వేసుకుంటే సీనియారిటీకి నష్టమా?

ప్రశ్న: హన్మకొండ అమ్మాయి

అందరికీ నమస్కారం. నేను హన్మకొండ వాసిని. కమర్షియల్ పైలట్ లైసెన్సు, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగులు పూర్తి చేసుకున్న తరువాత ఒక విమానయాన సంస్థలో ఎయిర్‌బస్ ఎ320 మీద ట్రైనీ ఫస్ట్ ఆఫీసర్‌గా (శిక్షణలో ఉండే సహ పైలట్‌గా) ఎంపికయ్యాను. నాకు ఉద్యోగం వస్తే మేడారంలో నిలువెత్తు బంగారం సమర్పిస్తానని మా అమ్మ మొక్కుకున్నది. జాతర రోజులు సరిగ్గా గ్రౌండ్ స్కూలు (తరగతి గది శిక్షణ) మధ్యలో పడుతున్నాయి. రెండేళ్లకొకసారి వచ్చే జాతర కాబట్టి తరువాతి బ్యాచ్‌లో చేరమని ఇంట్లో పెద్దలు అంటున్నారు. కోరితే బ్యాచ్ మారుస్తామని సంస్థ వారు కూడా చెప్పారు.

ఒక్క బ్యాచ్ వెనక్కి వెళ్తే సీనియారిటీలో నిజంగా తేడా వస్తుందా? చేరేలోగా ఉన్న కొద్ది వారాల్లో ఏమి చదివితే శిక్షణలో వెనుకబడకుండా ఉంటాను? వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుచుకుంటే ఇంటి దగ్గరే ఉండి ఉద్యోగం చేయవచ్చునని మా నాన్న ఆశపడుతున్నారు. అది సాధ్యమేనా?

జవాబు: కాజీపేట కెప్టెన్

అమ్మా, ముందుగా అభినందనలు. వాయిదా వేసుకోవద్దన్నది నా సలహా.

మన దేశంలో సీనియారిటీ నియమాలు ఒక్కో సంస్థలో ఒక్కో రకంగా ఉంటాయి. చేరిన తేదీనే లెక్కిస్తారా, శిక్షణ ముగించుకొని లైన్ మీదకు (ప్రయాణికులతో నడిచే రోజువారీ విమానాల మీదకు) విడుదలైన తేదీని లెక్కిస్తారా, ఒకే బ్యాచ్ వారి మధ్య వయసు చూస్తారా, మార్కులు చూస్తారా అన్నది సర్వీసు నిబంధనల్లో రాసి ఉండాలి. అందులో కనిపించకపోతే మానవ వనరుల విభాగానికి ఈమెయిల్ పంపి, జవాబును రాతపూర్వకంగా తీసుకొని భద్రపరచుకోండి. నియమం ఏదైనా, ఆలస్యం మాత్రం బ్యాచ్‌ల మధ్య ఉన్న విరామంతో ముగియదు. సిమ్యులేటర్ సమయం దొరకాలి, పరీక్షాధికారి దొరకాలి, ఆ తరువాత బేస్ ట్రైనింగ్‌కు (నిజమైన విమానంలో టేకాఫ్, ల్యాండింగ్ అభ్యాసానికి) ఖాళీ విమానం దొరకాలి. ముందు బ్యాచ్‌లో ఎవరికైనా అదనపు సెషన్లు అవసరమైతే వెనుక బ్యాచ్ వారు మరికొంత ఆగవలసి వస్తుంది. 2020లో కోవిడ్ వల్ల విమానాలు నిలిచిపోయినప్పుడు, లైన్ మీదకు విడుదలైన వారికీ, టైప్ రేటింగ్ (ఒక రకం విమానాన్ని నడిపే అర్హత కోసం శిక్షణ) మధ్యలో చిక్కుకుపోయిన వారికీ పరిస్థితి ఎంత వేరుగా ఉండిందో నేను దగ్గర నుంచి చూశాను. మొక్కు సంగతి పెద్దలతో నెమ్మదిగా మాట్లాడండి. మన వైపు ఎన్నో కుటుంబాలు రద్దీకి ముందే మేడారం వెళ్లి, గద్దెల దగ్గర మొక్కు చెల్లించి వస్తున్నాయి కదా.

ఇక చదువు విషయం. గ్రౌండ్ స్కూలులో విమాన వ్యవస్థలతో పాటు సంస్థ పద్ధతులు, అత్యవసర నిర్గమనం, ప్రమాదకర సరుకుల నియమాలు, సిబ్బంది సమన్వయం నేర్పుతారు. తరువాత కదలని శిక్షణ యంత్రంలో పద్ధతులు, ఆపైన పూర్తి సిమ్యులేటర్, చివర పరీక్షాధికారి ముందు స్కిల్ టెస్ట్ ఉంటాయి. ప్రయాణికులు లేని విమానంలో టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చేయించిన తరువాతే, ట్రైనింగ్ కెప్టెన్ పర్యవేక్షణలో లైన్ ఫ్లయింగ్ మొదలవుతుంది. మొదటి కొన్ని ప్రయాణాల్లో వెనుక సీట్లో సేఫ్టీ పైలట్ కూడా ఉంటారు.

చిన్న విమానం మీద 200 గంటలు ఎగిరి వచ్చిన వారికి ఇక్కడ కష్టమనిపించేది విమానం నడపడం ఒక్కటే కాదు. ఇద్దరు పైలట్లు పని పంచుకొని, చేసే ప్రతి పనినీ నిర్ణీతమైన మాటలతో ఒకరికొకరు చెప్పుకొంటూ సాగడం వారికి కొత్త. ఎ320 కాక్‌పిట్ నిండు సైజు పోస్టరు తెచ్చుకొని గోడకు అతికించండి. కుర్చీ వేసుకొని, చేతిని ఒక్కో ప్యానెల్ మీదుగా కదుపుతూ, ఇంజిన్ స్టార్ట్ నుంచి పార్కింగ్ వరకు ఫ్లోలను (ప్యానెళ్లను సరిచూసే నిర్ణీత వరుసలను), కాల్‌అవుట్లను (రెండో పైలట్‌కు వినిపించేలా చెప్పే నిర్ణీత మాటలను) గొంతు విప్పి పలకండి. మనసులో చదువుకున్నది సిమ్యులేటర్ అలారం మోగగానే గొంతులోనే ఆగిపోతుంది. మీది తెలుగు మాధ్యమమైతే ఈ పద్ధతి మరింత అవసరం. వాక్యం కోసం వెతుక్కునే వ్యవధి అక్కడ ఉండదు.

మెమరీ ఐటమ్స్ (పుస్తకం చూడకుండా వెంటనే చేయవలసిన చర్యలు) ఎన్నో లేవు. స్టాల్ రికవరీ (రెక్కలు ఎత్తే శక్తి కోల్పోయినప్పుడు తేరుకోవడం), నమ్మదగని వేగ సూచిక, ఎమర్జెన్సీ డిసెంట్ (అత్యవసరంగా కిందికి దిగడం), విండ్‌షియర్ (గాలి హఠాత్తుగా మారడం), టీకాస్ హెచ్చరిక (మరో విమానం దగ్గరవుతోందన్న హెచ్చరిక), భూమి సమీప హెచ్చరిక, బ్రేకులు పనిచేయకపోవడం వంటివి చేరకముందే అక్షరం పొల్లు పోకుండా రావాలి. అయితే వాటిని సంస్థ ఇచ్చిన తాజా పుస్తకం నుంచే నేర్చుకోండి, ఇంటర్నెట్‌లో దొరికే పాత ప్రతుల నుంచి కాదు. మరొక సంస్థ కాల్‌అవుట్ ఒకసారి నోటికి అలవాటైతే దాన్ని వదిలించుకోవడానికి రెట్టింపు శ్రమ పడాలి.

ఎఫ్‌ఎంఏ (మోడ్‌లను చూపే సూచిక) చదవడం గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ ఇప్పుడు ఏ మోడ్‌లో ఉన్నాయో స్క్రీన్ పై అంచున కనిపించే ఆ చిన్న అక్షరాలే చెబుతాయి. ఎఫ్‌ఎంఏను ఎల్లవేళలా అర్థం చేసుకొని ఉండాలన్నది ఎయిర్‌బస్ స్వయంగా నిర్దేశించిన గోల్డెన్ రూల్స్‌లో ఒకటి. మోడ్ మారిన ప్రతిసారీ చూసి, పలికే అలవాటు మొదటి సెషన్ నుంచే ఉన్న ట్రైనీని గుర్తుపట్టడం శిక్షకులకు కష్టం కాదు. అలాగే వీ1 (ఆ వేగం దాటాక టేకాఫ్ ఆపకూడదు) దాటిన తరువాత ఇంజిన్ ఆగిపోయే అభ్యాసంలో అందరూ తొందరపడతారు. రడ్డర్‌తో విమానాన్ని తిన్నగా పట్టుకోండి, విమానం పైకి లేస్తున్నదని సూచికల్లో కనిపించాక గేర్ (చక్రాలు) ఎత్తించండి, 400 అడుగుల ఎత్తు దాటే వరకు ఈక్యామ్ (లోపాన్ని, దానికి చేయవలసిన పనులను చూపే తెర) చర్యలు మొదలుపెట్టకండి. ఆ కొన్ని క్షణాలు విమానాన్ని నడపడానికే కేటాయించగలిగితే మిగిలిన పని దానంతట అదే వరుసలోకి వస్తుంది.

జవాబు: నర్సంపేట నుంచి డల్లాస్

నేను అమెరికాలో ఒక సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌ని. ఇక్కడి పద్ధతి తెలిస్తే సీనియారిటీ అనే మాటకు ఎంత బరువు ఉండగలదో అర్థమవుతుంది కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడి పెద్ద సంస్థల్లో యూనియన్ ఒప్పందం ప్రకారం ఒకే జాబితా ఉంటుంది. ఏ నగరంలో బేస్ (డ్యూటీ మొదలయ్యే కేంద్రం), ఏ విమానం, ఏ నెలలో ఏ ప్రయాణాలు, పండుగకు సెలవు, కెప్టెన్ అవకాశం అన్నీ ఆ సంఖ్యను బట్టే వస్తాయి. లేఆఫ్ వచ్చినప్పుడు జాబితా కింది నుంచి మొదలుపెడతారు. ఒకే రోజున చేరిన వారిలో వయసులో పెద్దవారికి ముందు సంఖ్య ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. పదిహేనేళ్ల అనుభవం ఉన్న కెప్టెన్ అయినా సంస్థ మారితే చిట్టచివరి సంఖ్యతో, ఫస్ట్ ఆఫీసర్ కూర్చునే కుడి సీటులో మళ్లీ మొదలుపెట్టాలి.

ఎనుమాముల మార్కెట్ ముందు పత్తి బండ్ల వరుసలో లాగా, ముందున్న బండి కదిలితేనే మన బండి కదులుతుంది. 2007 డిసెంబరులో ఇక్కడ పైలట్ల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు. పై వారు ఉద్యోగాల్లోనే కొనసాగినందువల్ల కింది వారి ఎదుగుదల ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ఆ వెంటనే 2008 ఆర్థిక సంక్షోభం కూడా తోడైంది. అందుచేత సంస్థను ఎంచుకునేటప్పుడు ఎన్ని కొత్త విమానాలు రానున్నాయి, పై వరుసలో విరమణకు దగ్గర పడిన వారు ఎందరు అన్నది చూడడం జీతం చూడడంకన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

భారతదేశంలో ఇంత కఠినంగా ఉండదు. అనుభవజ్ఞులైన కెప్టెన్లను నేరుగా కెప్టెన్లుగానే తీసుకుంటారు. అయినా అక్కడ సీనియారిటీ చిన్న విషయం కాదు. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమైన తరువాత, బోయింగ్ 787 శిక్షణ ఎవరికి దక్కాలన్న వివాదం 2012లో 58 రోజుల సమ్మెకు దారితీసింది. కొత్త విమానం మీద శిక్షణ దొరకడమంటే ముందు వరుసలోకి వెళ్లడమే కనుక ఇరు పక్షాలూ అంత గట్టిగా పోరాడాయి.

జవాబు: కరీంనగర్ ఫస్ట్ ఆఫీసర్

చెల్లెమ్మా, బేస్ గురించి మీ నాన్నగారికి ఇలా వివరించండి. ఒక ఊరికి విమానాలు రావడం వేరు, ఆ ఊరు బేస్ కావడం వేరు. విమానాలు రాత్రి అక్కడే నిలిచి, సిబ్బందిని అక్కడి నుంచే డ్యూటీకి పంపగలిగినంత రాకపోకలు ఉంటేనే సంస్థ బేస్ పెడుతుంది. మామునూరులో ప్రయాణికుల విమానాలు 1981లో ఆగిపోయాయి. పునరుద్ధరణ పూర్తయ్యాక కూడా మొదట అక్కడికి ఎక్కువగా చిన్న విమానాలే రావచ్చు. మీకు దగ్గర బేస్ శంషాబాదే. మొదట ఢిల్లీయో, ముంబయో ఇచ్చినా హైదరాబాదు కోసం దరఖాస్తు చేసి ఉంచండి. హైదరాబాదు వచ్చినా స్టాండ్‌బై (పిలిస్తే డ్యూటీకి రావలసిన) రోజుల్లో హన్మకొండ నుంచి సకాలంలో చేరుకోలేరు కాబట్టి, నగరంలో గది తప్పదు. పైలట్ల వారపు విశ్రాంతిని 2025 జూలై నుంచి 36 గంటలకు బదులు 48 గంటలు చేశారు. ఇంటికి వచ్చి వెళ్లడానికి అది బాగా ఉపయోగపడుతుంది.

ఇంట్లో వారికి ఇంకొక సంగతి కూడా ముందే చెప్పండి. డ్యూటీకి ముందు బ్రెత్ అనలైజర్ పరీక్ష ఉంటుంది. అందులో ఆల్కహాల్ ఆనవాలు కూడా ఉండకూడదు. దగ్గు మందులు, మౌత్‌వాష్, ఆల్కహాల్ కలిసిన హోమియో మందులు డాక్టరును అడగకుండా వాడకండి. మన వైపు ఇళ్లలో పండుగకు, దావతుకు కల్లు పోయడం మర్యాద. "ఒక్క గుక్కే కదా" అనే బంధువులకు వద్దని చెప్పడం మొదటి నుంచే అలవాటు చేసుకోండి.

హన్మకొండ అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. ఇచ్చిన బ్యాచ్‌లోనే చేరుతున్నాను. గ్రౌండ్ స్కూలుకు ముందే ఒక బుధవారం మేడారం వెళ్లి మొక్కు చెల్లించడానికి అమ్మ ఒప్పుకున్నది. కెప్టెన్ గారూ, సీనియారిటీ వరుస వచ్చినప్పుడు కమాండ్ (కెప్టెన్ హోదా) దానంతట అదే వస్తుందా?

కాజీపేట కెప్టెన్

రాదమ్మా. వరుస మీకు పిలుపునిస్తుంది, అంతవరకే. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు 1500 గంటలు కావాలి, అందులో రాత్రి గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు విడిగా చూపాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, రేడియో పరికరాల పేపర్లు దాటాలి. వాటిని గంటలు పోగవుతున్న కాలంలోనే రాసి ఉంచండి. ఆ లైసెన్సు చేతిలో లేని సీనియరును పక్కన పెట్టి, ఉన్న జూనియరును కమాండ్ శిక్షణకు పంపడం మామూలే. ఆరు నెలలకొకసారి జరిగే సిమ్యులేటర్ పరీక్షల్లో పర్యవేక్షకులు రాసే వ్యాఖ్యలన్నీ మీ ఫైలులో చేరుతాయి, కమాండ్ బోర్డు వాటిని మొదటి పేజీ నుంచి చదువుతుంది.

సంస్థ మారాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, 2017 నియమం ప్రకారం ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలల నోటీసు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు ఉన్నాయని గుర్తుంచుకొని, అక్కడి జాబితాలో మీ స్థానం ఎక్కడ ఉంటుందో అడిగిన తరువాతే సంతకం చేయండి. లాగ్‌బుక్‌ను మాత్రం ప్రతి ప్రయాణం తరువాత అదే రోజు నింపుకోండి. ఏళ్ల తరువాత ఈజీసీఏలో (విమానయాన నియంత్రణ సంస్థ ఆన్‌లైన్ పోర్టల్‌లో) గంటలు సరిచూసుకోవలసి వచ్చినప్పుడు అది ఎంత సమయం ఆదా చేస్తుందో తెలుస్తుంది.