అప్‌డేట్: కొత్త సంవత్సరంలో శాంతి, సేవ కోసం మా చర్చి సంఘం ఏం చేయొచ్చని అడిగాను కదా

కొత్త సంవత్సర ఆరాధనలో శాంతి కోసం, సేవ కోసం ప్రార్థించి వదిలేయకుండా ఏడాదంతా ఎలా నిలుపుకోవాలని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

జనవరి 1ని క్యాథలిక్ సభ 1968 నుంచి ప్రపంచ శాంతి దినంగా పాటిస్తోందని, మొదలుపెట్టింది పోప్ ఆరవ పౌలు అని ఒకరు చెప్పారు. మాది ప్రొటెస్టెంట్ సంఘమైనా పాస్టర్‌గారికి ఆ ఆలోచన నచ్చింది, ఆరోజు ప్రార్థనలో కలిపారు.

అంతకంటే పనికొచ్చింది మెథడిస్టుల నిబంధన ఆరాధన. ఆ ప్రొటెస్టెంట్ శాఖకు ఆద్యుడైన జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో విశ్వాసులు తమను దేవునికి మళ్లీ అప్పగించుకుంటారు. ఇప్పుడు చాలాచోట్ల ఏడాది మొదట్లోనే చేస్తారు. నన్ను పనిలో పెట్టినా సరే, పక్కన పెట్టినా సరే అనే భావం ఆ ప్రార్థనలో ఉంది. మా పెద్దలు ఆ రెండో మాట దగ్గరే చాలాసేపు ఆగారు. సేవంటే పదవి అనుకునేవాళ్లకు అది అంత తేలిగ్గా మింగుడుపడదు మరి!

శాంతి సంగతి మాత్రం సగమే. పాటల బృందానికీ యువతకూ మధ్య మాటల్లేవు. నీతులు చెప్పకుండా, మంచాన పడ్డవాళ్లను పలకరించి వచ్చే పని ఇద్దరికీ కలిపి అప్పగించాం. కలిసే వెళ్తున్నారు, దారిలో మాత్రం ఎవరి ఫోన్ వాళ్లదే.

జనవరి 18 నుంచి 25 వరకు చాలా దేశాల్లో క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారం ఉంటుంది కదా, అప్పుడు పక్క సంఘంతో ఉమ్మడి కూటం పెట్టాలనుకుంటున్నాం. వాళ్ల కాపరిగారు సరేనన్నారు, ఏ రోజన్నది ఇంకా తేలలేదు.