డబ్లిన్ వెళ్ళే అమ్మాయికి ఏ గది మంచిది? తెలుగువాళ్ళ ఇల్లా, ఐరిష్ వాళ్ళ ఇల్లా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
మా అమ్మాయి సెప్టెంబరులో డబ్లిన్‌లో ఎంఎస్‌లో చేరుతోంది. రెండు చోట్ల గది దొరికేలా ఉంది. ఒకటి తెలుగు అమ్మాయిలు ఆరుగురు ఉంటున్న ఇల్లు, అందులో ఇద్దరున్న గదిలో మూడో మంచం. రెండోది ఒక ఐరిష్ పెద్దావిడ ఇంట్లో విడి గది. కానీ సోమవారం నుంచి శుక్రవారం వరకే, శని ఆదివారాలు అక్కడ ఉండకూడదట. మాది ఒడిశా, పిల్ల ఒడియా మాధ్యమంలో చదివింది, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ విమానం ఎక్కలేదు. తెలిసినవారు చెప్పండి.

నాగావళి, రాయగడ:
తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? మనవాళ్ళ దగ్గరే ఉంచండి. ప్రతి శుక్రవారం సాయంత్రం సంచి సర్దుకుని ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? మా అబ్బాయి మొదటి నాలుగు నెలలు అలాంటి ఇంట్లోనే ఉన్నాడు. ఒక వారం ఒకరి సోఫా మీద, ఇంకో వారం ఇంకొకరింట్లో నేల మీద పడుకున్నాడు. డిసెంబరులో అక్కడ నాలుగు దాటగానే చీకటి. ఆ చీకట్లో, ఒళ్ళు కాలిపోతూ, బస్టాపులో నిలబడి నాకు ఫోను చేశాడు. చివరికి తెలుగు పిల్లలే వచ్చి తీసుకెళ్ళి వేడి చారు అన్నం పెట్టారు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

వంశధార గట్టు, గుణుపురం:
అక్కయ్య గారూ, మీరు అసలు ప్రశ్న వదిలేశారు. ఆ తెలుగు ఇంటి ఒప్పందం మీద ఎవరి పేరుంది? నేను 2019లో వెళ్ళి దిగిన ఇంట్లో ఒప్పందం ఒకరి పేరున ఉంది. యజమానికి తెలిసింది నలుగురు, ఉన్నది ఎనిమిది మంది. నా పేరు మీద ఒక్క ఉత్తరం కూడా రాకూడదన్నారు. చిరునామా రుజువు లేకపోతే పీపీఎస్ నంబరు, అంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య, రాదు. ఆ నంబరు లేకుండా పనిచేస్తే జీతంలో పన్ను ఎక్కువ కోస్తారు. బ్యాంకు ఖాతాకూ చిరునామా అడుగుతారు. ఇవి గాక దిగిన 90 రోజుల్లో వలస నమోదు చేయించుకోవాలి, దానికి 300 యూరోలు. మంచం దొరికితే చాలదు, ఆ పిల్ల పేరు ఆ ఇంటి కాగితం మీద ఉండాలి.

కొలాబ్ నీళ్ళు, జయపురం:
ఏ ఇల్లయినా సరే, కళ్ళారా చూడకముందు డబ్బు పంపవద్దు. మా బంధువుల కుర్రాడు ఫొటోలు చూసి రెండు నెలల అద్దె పంపాడు. వెళ్ళి చూస్తే ఆ ఇంట్లో వేరే కుటుంబం కాపురం ఉంది.

నాగావళి:
చిరునామా, చిరునామా అంటున్నారు. పిల్లకు జ్వరం వస్తే ఆ కాగితం గంజి కాచి పోస్తుందా? పోనీ, ఐరిష్ ఇంట్లో మాత్రం భద్రత ఉందా? యజమానితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకు అక్కడి అద్దె చట్టం వర్తించదు. మావాడికి వారం గడువిచ్చి గది ఖాళీ చేయమన్నారు. సొంత ఇంట్లో గది అద్దెకిస్తే ఏడాదికి 14,000 యూరోల వరకు పన్ను ఉండదు, అందుకే ఇస్తారు.

బరంపురం పట్టు:
మన బరంపురంలో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు 1913లోనే న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అమ్మాయికి ధైర్యం చెప్పండి.

వంశధార గట్టు:
వారం గడువైనా ఇచ్చారు కదా. నాకు అదీ దక్కలేదు. ఆ ఎనిమిది మంది ఇంట్లో ఇరవై రోజులు ఉన్నాను. మొదటి రాత్రి అన్నం తింటుండగా "మీది ఏ జిల్లా?" అని అడిగారు. రాయగడ జిల్లా, గుణుపురం అన్నాను. "అది ఒడిశా కదా, మరి తెలుగు ఎలా వచ్చు?" అన్నారు. నాకు అప్పటికి తెలుగు చదవడం రాదు. వాళ్ళ గ్రూపులో తెలుగులో పెట్టే సందేశాలు ఇంకొకరిచేత చదివించుకునేవాణ్ణి. ఇరవయ్యో రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి నా పెట్టె గుమ్మం పక్కన ఉంది. మంచం ఎవరో వాళ్ళ ఊరివాడికి ఇచ్చేశారు. తిరిగి వచ్చాక మా అమ్మ దగ్గర పలక పట్టుకుని అ ఆ ఇ ఈ దిద్దుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం అని, ఆయన పటానికి దండ వేసేవాళ్ళు మా తెలుగును తెలుగు కాదంటే ఎలా ఊరుకోవాలి?

నాగావళి:
మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒక ఇంటివాళ్ళు చేసిన పనిని అందరికీ అంటగట్టకండి. మావాణ్ణి కన్నతమ్ముడిలా చూసుకున్నారు.

వంశధార గట్టు:
మీ అబ్బాయి తనది రాయగడ అని చెప్పాడా?

నాగావళి:
మా పుట్టిల్లు పార్వతీపురం. అదే చెప్పమన్నాను. అందులో అబద్ధం లేదు.

వంశధార గట్టు:
మరి వాళ్ళు ఆదరించింది పార్వతీపురం పిల్లవాణ్ణి. రాయగడ పిల్లవాణ్ణి వాళ్ళు చూడనే లేదు. సొంత ఊరి పేరు దాచుకోమని కొడుక్కి చెప్పి, ఇక్కడ మాకు "మనవాళ్ళు" అని చెబుతున్నారా?

నాగావళి:
బాబూ, నేను తల్లిని. వాడు చలిలో బయట ఉన్నాడు. ఏ ఊరి పేరు చెబితే తలుపు తీస్తారో ఆ ఊరి పేరు చెప్పమన్నాను. మీ అమ్మగారైనా అదే చేసేవారు. రాయగడలో ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను, మజ్జి గౌరమ్మ గుడికి వెళ్ళని వారం లేదు. ఆ మాట చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వంశధార గట్టు:
మా అమ్మ ఏం చెప్పేదో నాకు తెలియదు. నన్నెవరూ దాచమనలేదు, నేనూ దాచలేదు. మీ అబ్బాయి మీద నాకు కోపం లేదండి. ఆ ప్రశ్న అడిగేవాళ్ళ మీదే కోపం.

మహేంద్రతనయ:
ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్ర. "పాతపట్నం అని చెబితే తప్పేముందమ్మా" అని మా ఆవిడ అంది. పిల్ల ఏమీ అనకుండా లేచి వెళ్ళింది. ఈ ఉదయం ఆ ఇంటి అమ్మాయిలకు సందేశం పెట్టింది. మొదటి వాక్యమే "మాది పర్లాకిమిడి, ఒడిశా" అని ఉంది. రెండో వాక్యం, ఒప్పందంలో తన పేరు చేరుస్తారా అని. ఇంకా జవాబు రాలేదు.

నాగావళి:
జవాబు వస్తే చెప్పండి తమ్ముడూ. రాకపోయినా చెప్పండి. మా అబ్బాయి ఇంకా అక్కడే ఉన్నాడు, అమ్మాయి దిగిన రోజు విమానాశ్రయానికి వెళ్ళమంటాను. రాయగడ నుంచి అని చెప్పమంటాను.