జర్మనీలో '100% గ్రీన్ కరెంటు' ప్లాన్ తీసుకుంటే నిజంగా ఏమైనా మారుతుందా?

ప్రశ్న: లైప్‌జిగ్‌లో కొత్త ఫ్లాట్‌కి మారాం. ప్రస్తుతం ఊళ్ళో డిఫాల్ట్‌గా ఇచ్చే కంపెనీ కరెంటే వస్తోంది, రేటు ఎక్కువ. వేరేదానికి మారదామని రేట్లు పోల్చే సైటు తెరిస్తే, ఏ ప్లాన్ చూసినా '100% ఓకోస్ట్రోమ్' (గాలి, ఎండ, నీటి నుంచి వచ్చే గ్రీన్ కరెంటు) అనే ఉంది, పైగా మామూలు ప్లాన్ రేటుకే. ఇంత చౌకగా ఎలా ఇస్తున్నారు? నమ్మొచ్చా?

జవాబు 1: మోసం కాదండీ, కానీ మీరు అనుకుంటున్నదీ కాదు. ఏ ప్లాన్ తీసుకున్నా మీ ఇంటికి వచ్చే కరెంటు ఒకటే. కంపెనీ మీ వాడకానికి సరిపడా, కరెంటు ఎక్కడ ఎలా తయారైందో చెప్పే 'గ్యారంటీ ఆఫ్ ఆరిజిన్' సర్టిఫికెట్లు కొంటుంది, ఒక్కోటి 1 మెగావాట్ అవర్‌కి, అంటే 1000 యూనిట్లకి. ఇవి కరెంటుతో పని లేకుండా విడిగా అమ్ముడవుతాయి. జర్మనీలో గ్రీన్ కరెంటుకి సాయం చేసే ఈఈజీ చట్టం కింద సబ్సిడీ తీసుకునే గాలిమరలకి, సోలార్ ప్లాంట్లకి ఈ సర్టిఫికెట్ ఇవ్వరు, ఒకే కరెంటు గ్రీన్ పేరుని సబ్సిడీకి ఒకసారి, సర్టిఫికెట్‌కి ఇంకోసారి అమ్ముకోకూడదని. దాంతో కంపెనీలు నార్వే జలవిద్యుత్ సర్టిఫికెట్లు బాగా కొంటాయి. ఆ డ్యాముల్లో చాలావరకు ఎప్పుడో కట్టినవే, మీరు కొన్నా కొనకపోయినా టర్బైన్లు తిరుగుతూనే ఉంటాయి.

జవాబు 2: నేను ఉండేది ఆ నార్వేలోనే. ఇక్కడ తయారయ్యేది దాదాపు అంతా నీటి కరెంటు, అయినా సర్టిఫికెట్ లేని ప్లాన్ వాళ్ళకి ప్రభుత్వం ఏటా ప్రకటించే లెక్కలో బొగ్గు, గ్యాస్, అణు కరెంటే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే గ్రీన్ అన్న పేరు కాగితం మీద బయటి దేశాలకి వెళ్ళిపోయింది. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. ఆస్ట్రియా పద్ధతి నయం, అక్కడ 2015 నుంచి అమ్మే ప్రతి యూనిట్ ఎక్కడిదో చూపించాల్సిందే.

జవాబు 3: అలాగని గ్రీన్ ప్లాన్ మానేయకండి, చూసి ఎంచుకోండి. 'గ్రూనర్ స్ట్రోమ్' లేబుల్ ఉంటే మీరు కట్టే ప్రతి యూనిట్‌లో కొంత డబ్బు కొత్త ప్రాజెక్టుల్లో పెట్టాలి, 'ఓకే పవర్' లేబుల్‌కీ కొత్త ప్లాంట్ల షరతులున్నాయి. జర్మనీలోనే బ్లాక్ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతంలో షోనావ్ అనే చిన్న ఊరివాళ్ళు చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత పట్టుబట్టి 1997లో ఊరి కరెంటు లైన్లనే కొనుక్కున్నారు, వాళ్ళ సహకార సంఘం ఇప్పుడు దేశమంతా గ్రీన్ కరెంటు అమ్ముతోంది. డబ్బు అలాంటి చోటికి వెళ్తే దానికో అర్థం ఉంది. ఇంకోటి, బిల్లుతో వచ్చే కరెంటు వివరాల పేజీలో మీ ప్లాన్ లెక్క పక్కనే కంపెనీ మొత్తం లెక్క కూడా ఉంటుంది. మీ ప్లాన్ పూర్తి గ్రీన్ అయి, కంపెనీ మొత్తంలో బొగ్గు వాటా పెద్దగా ఉంటే, మీ వల్ల తగ్గింది ఏమీ లేదు, ఆ బొగ్గు మిగతా కస్టమర్ల పేరు మీదకి పోయిందంతే.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. లేబుల్ ఉన్నవే చూస్తాను. డిఫాల్ట్ కంపెనీకి నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి?

జవాబు 3: రెండు వారాలు. ఆ నోటీసు కూడా కొత్త కంపెనీయే పంపిస్తుంది, మీరు మీటరు నంబరు, రీడింగు ఫోటో తీసి పెట్టుకోండి చాలు.