పక్కింటి పెద్దాయన చేత్తో చేసిన రైలింజన్లు, ఆయన పోయాక ఏం చేయాలి?

డెర్బీ_కోడలు:

అందరికీ నమస్తే. ప్రశ్న కాస్త వింతగా ఉంటుంది కానీ ఇక్కడ రైల్వే వాళ్ళు, మెకానికల్ వాళ్ళు చాలామంది ఉన్నారు కదా అని అడుగుతున్నా. మేం ఉండేది ఇంగ్లండులో, డెర్బీలో. మా పక్కింటాయన చిన్నప్పుడే ఇక్కడి లోకో వర్క్స్‌లో (రైలింజన్ల కర్మాగారంలో) అప్రెంటిస్‌గా చేరి అక్కడే రిటైరయ్యారు, పోయిన చలికాలంలో కాలం చేశారు. ఆయన గ్యారేజీలో కారు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, గోడ నిండా ఆకురాళ్ళు, స్పానర్లు, మధ్యలో బల్ల మీద ఆయన సొంతంగా చేసిన ఆవిరి ఇంజను. బొమ్మ అనుకునేరు, బొగ్గు వేసి నీళ్ళు పోస్తే నిజంగా నడుస్తుంది, దాని వెనక చిన్న ట్రాలీ మీద కూర్చుని మా పిల్లలు ఆయన మోడల్ ఇంజన్ల క్లబ్బు పట్టాల మీద తిరిగారు కూడా.

ఇప్పుడు ఆయన భార్యకి, అంటే మా ఆంటీకి, ఎనభై దాటాయి, ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాటుకి మారాలి. కొడుకు ఆస్ట్రేలియాలో ఉంటాడు, సామాన్లు ఖాళీ చేసే వాళ్ళని పిలిచి అంతా ఒకేసారి ఇచ్చేయమ్మా అంటున్నాడట. ఆవిడకి మనసొప్పట్లేదు. పైగా అంత్యక్రియల రోజే ఒకాయన వచ్చి, గ్యారేజీ మొత్తం నేనే ఖాళీ చేయించుకుంటా, మీకు శ్రమ ఉండదు అని ఒక అంకె చెప్పి వెళ్ళాడు. ఆ అంకె తక్కువో ఎక్కువో మాకెవరికీ తెలీదు.

ఇంజను రెండున్నర అడుగులుంటుంది, ఆరు చక్రాలు, నల్లరంగు, పక్క ట్యాంకు మీద 47తో మొదలయ్యే అయిదంకెల నంబరు. బల్ల కింద ఇంకోటి సగంలో ఆగిపోయి ఉంది. ఫ్రేము, చక్రాలు, సిలిండర్లు బిగించారు, బాయిలర్ లేదు, మిగతా పోత ముక్కలన్నీ నూనె కాగితంలో చుట్టి డబ్బాల్లో పెట్టారు. మ్యూజియం ఏదైనా తీసుకుంటుందా? అమ్మితే ఎవరికి అమ్మాలి? నాకు ఇందులో ఓనమాలు కూడా రావు, ఆవిడకి సాయం చేద్దామని అంతే.

బాయిలర్_బాబాయ్:

అమ్మా, ముందు ఆ అంకె చెప్పినాయనకి "ఇంకా ఏమీ అనుకోలేదండీ" అని చెప్పి ఊరుకోండి. ఆయన మంచివాడే కావచ్చు, కానీ కొనేవాడి నోటి నుంచి ధర తెలుసుకోకూడదు. నేను నాటింగ్‌హామ్ వైపు ఉంటాను, ఇలాంటి క్లబ్బులోనే సభ్యుణ్ణి, కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

మీరు చెప్పిన నంబరును బట్టి అది జింటీ అయ్యుంటుంది. అసలు పేరు ఎల్‌ఎంఎస్ (లండన్ మిడ్‌ల్యాండ్ అండ్ స్కాటిష్ రైల్వే) 3ఎఫ్ ట్యాంక్ ఇంజను, 1924 నుంచి 1931 దాకా 422 కట్టారు, బ్రిటిష్ రైల్వేస్ కిందికి వచ్చాక వాటికి 47తో మొదలయ్యే నంబర్లు వేశారు. అది డెర్బీ వాళ్ళ సొంత డిజైను. డెర్బీలో పనిచేసిన మనిషి అదే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. మీరు చెప్పిన పొడవుకి 5 అంగుళాల (127 మిల్లీమీటర్ల) గేజ్ అయ్యుండాలి. టేపుతో చక్రాల లోపలి ముఖాల మధ్య కొలిస్తే సుమారు 119 మిల్లీమీటర్లు రావాలి. 127 రాలేదే అని కంగారు పడొద్దు, 127 అన్నది పట్టాల మధ్య దూరం.

ఇక అసలు విషయం. ఈ ఇంజన్లలో ఖరీదైన భాగం, ప్రమాదకరమైన భాగం, కొనేవాడు మొదట అడిగే భాగం, మూడూ బాయిలరే. ఈ సైజులో మామూలుగా రాగితో చేసి సిల్వర్ సోల్డర్‌తో (వెండి కలిసిన టంకంతో) అతుకుతారు. కొత్త బాయిలర్‌కి నిండా నీళ్ళు పోసి పని ఒత్తిడికి రెండింతలు ఎక్కించి చూస్తారు, తర్వాత జరిగే పరీక్షల్లో ఒకటిన్నర రెట్లు. అంటే 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మీద నడిచే బాయిలర్ మొదటిసారి 160 దగ్గర, ఆ తర్వాత 120 దగ్గర నిలబడాలి. నీళ్ళతోనే ఎందుకంటే నీరు నొక్కుకుపోదు, అతుకు వదిలినా కాస్త కారి ఊరుకుంటుంది, అదే ఆవిరైతే పేలుతుంది. ఇదంతా క్లబ్బు బాయిలర్ ఇన్‌స్పెక్టరు చూసి సర్టిఫికెట్ రాస్తాడు. బాయిలర్ మీద ఎక్కడో ఒక నంబరు కొట్టి ఉంటుంది, కాగితం మీదా అదే నంబరుండాలి.

ఆ కాగితాల కోసం వెతకండి. బీరువాలో ఉండకపోవచ్చు, బిస్కెట్ డబ్బాలో, లేత్ కింద సొరుగులో, పాత పత్రికల మధ్యలో చూడండి. బ్లూప్రింట్లు, చేతిరాత నోటు పుస్తకాలు, ఫొటోలు, బాయిలర్ చేస్తున్నప్పుడు తీసినవైతే ఇంకా మంచిది, అన్నీ ఒకే పెట్టెలో పెట్టండి. కాగితాలున్న ఇంజనుకీ లేనిదానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. నా ఉద్దేశంలో ధర కంటే కూడా, కాగితాలుంటేనే అది మళ్ళీ పట్టాలెక్కుతుంది.

చివరిగా, సరదాకి కూడా నిప్పు పెట్టనివ్వకండి. "ఒక్కసారి ఆవిరి పట్టి చూపిస్తా ఆంటీ" అని ఎవరైనా ఉత్సాహంగా వస్తే వద్దనండి.

గుంటూరు_మిర్చి:

ఇంత హడావుడి అవసరమా అక్కా? నాలుగు ఫొటోలు తీసి ఈబేలో పెట్టండి, ఎక్కువ ఇచ్చినోడిది. ఆయన పోయారు, ఆవిడ బతకాలి. సెంటిమెంటు పట్టుకుని కూర్చుంటే గ్యారేజీ ఖాళీ అవ్వదు. మా పెదనాన్న తబలాలు, హార్మోనియం ఇలాగే ఎవరికివ్వాలా అని దాచి దాచి చెదలు పట్టించారు మా ఇంట్లో.

బాయిలర్_బాబాయ్:

మిర్చి తమ్ముడూ, నువ్వన్నదాంట్లో సగం కరెక్ట్. దాచిపెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. కానీ ముక్కూమొహం తెలియనివాడు కొని, పరీక్ష లేకుండా పెరట్లో నిప్పు పెడితే? మోడల్ ఇంజన్ల వేలం వేసే సంస్థలున్నాయి, కొని అమ్మే డీలర్లున్నారు, వాళ్ళు కనీసం ఏం అమ్ముతున్నారో తెలిసి అమ్ముతారు. కమిషన్ పోతుంది, పోనీ. ఈబే స్పానర్లకీ డ్రిల్లు బిట్లకీ బాగానే పనికొస్తుంది.

ధర విషయంలో ఆవిడకి ఒక మాట ముందే నెమ్మదిగా చెప్పాలమ్మా. ఆయన వేలాది గంటలు పెట్టుంటారు. ఆ గంటలకి ఎవరూ డబ్బివ్వరు. గంటకి కనీస కూలి లెక్క వేసినా ఏ ఇంజనూ గిట్టుబాటు కాదు. వారసత్వ లెక్కల్లో చూపించాల్సింది కూడా బయట అమ్మితే వచ్చే ధరే, పడ్డ శ్రమ కాదు. అలాగే ఈ హాబీలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నా వయసు వాళ్ళే, మా షెడ్లూ నిండే ఉన్నాయి. 5 అంగుళాలది కాబట్టి నయం, 3½ అంగుళాలదైతే అడిగేవాళ్ళు ఇంకా తక్కువ.

పుణె_రైలు_పిచ్చి:

మ్యూజియం సంగతి నేను చెప్తా. ఇవ్వొచ్చు కానీ వాళ్ళు తీసుకోరు, తీసుకున్నా స్టోర్ రూములో పెడతారు. యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో అసలు ఇంజన్లకే చోటు చాలదు, ఇక మన 5 అంగుళాల జింటీ ఎన్నోది? చాలా ప్రత్యేకమైన పనితనమైతే వేరు. చెర్రీ హిల్ గారని ఒకావిడ ట్రాక్షన్ ఇంజన్ల (రోడ్డు మీద నడిచే ఆవిరి ఇంజన్ల) మోడళ్ళు అద్భుతంగా చేశారు, అవి లండన్‌లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్‌కి వెళ్ళాయి. జాన్ ఆహెర్న్ గారి మాడర్ వ్యాలీ అనే చిన్న రైలు లేఅవుట్‌ని, ఆయన 1961లో పోయాక, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియం కాపాడింది. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మా పుణెలో ఇంకో దారి చూశా. కోత్రూడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, భావుసాహెబ్ జోషీ గారు జీవితమంతా పోగేసి చేసిన పిచ్చి అది, 1998లో తెరిచారు, ఆయన తర్వాత కుటుంబమే నడుపుతోంది. అంటే పిచ్చి ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటే తప్ప నిలబడదు. ఆస్ట్రేలియా కొడుక్కి అంటుకోలేదని ఆయన్ని తిట్టుకోవడం కూడా న్యాయం కాదు. నాన్న ఇంజనుని చూసుకోవడం కొడుకు బాధ్యత అని ఎక్కడా రాసిలేదు.

లాలాగూడ_పాత_ఫిట్టరు:

అమ్మా, నేను సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాపులో చేశాను. మోడళ్ళ ధరలు నాకు తెలియవు, ఇనుము సంగతి తెలుసు. ఆ ఇంజను ఇప్పుడెక్కడుంది, చలి గ్యారేజీలోనేనా? బాయిలర్లోనూ ట్యాంకుల్లోనూ నీళ్ళుంటే అడుగున ఉన్న కుళాయి తిప్పి దింపేయండి. మీ దగ్గర చలికి నీళ్ళు గడ్డకడితే రాగి పగులుతుంది. తిరగని కుళాయిని బలవంతం చేయొద్దు, తెలిసినవాళ్ళొచ్చేదాకా ఆగండి. చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూద్దామని తోయొద్దు, సిలిండర్ లోపల తుప్పు పట్టి ఉంటే గీతలు పడతాయి. ముందు నూనె పోసి నాననివ్వాలి.

రెండో మాట, ఎవరూ మెరుగు పెట్టొద్దు. ఇత్తడి చూడగానే పాలిష్ గుడ్డ తీసుకునేవాళ్ళుంటారు. రంగు అంచులు పోతాయి, తెల్ల పొడి బోల్టుల సందుల్లో దూరి కూర్చుంటుంది. దుమ్ముంటే మెత్తని బ్రష్షుతో దులిపితే చాలు. ఇంకోటి, పాత ఇంజనైతే బాయిలర్ చుట్టూ రేకు కింద ఆస్బెస్టాస్ ఉండొచ్చు, వాల్వు రాడ్ల దగ్గర చుట్టే తాడూ అదే అయ్యుండొచ్చు. విప్పి చూడాలని ఎవరికైనా అనిపిస్తే విప్పనివ్వకండి.

ఒక్కరే ఎత్తొద్దు. యాభై కిలోల పైమాటే ఉంటుంది. ముందూ వెనకా ఉండే బఫర్లు పట్టుకుని ఎత్తితే వంగుతాయి, కింద ఫ్రేము పట్టుకోవాలి, ఇద్దరుండాలి.

డెర్బీ_కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఫిట్టరు గారు చెప్పినట్టు చూస్తే ట్యాంకుల్లో నీళ్ళు లేవు, ఆయనే దింపి పెట్టినట్టున్నారు, కుళాయికి "ఖాళీ" అని చీటీ కూడా కట్టి ఉంది. కాగితాలు దొరికాయి! లేత్ వెనక బిస్కెట్ డబ్బాలోనే, బాబాయ్ గారూ మీకు దండం. సర్టిఫికెట్లన్నీ ఏడాది వరసలో పిన్ను కొట్టి ఉన్నాయి, చివరిదానికి గడువు దాటిపోయింది. నోటు పుస్తకంలో ప్రతి పేజీకీ తేదీ, ఏ భాగం చేశారు, ఎన్ని పాడయ్యాయి అన్నీ రాశారు. ఒక పేజీలో ఎడమ సిలిండరు మూతకి "మళ్ళీ చేయాలి" అని రాసి, కింద వేరే తేదీ వేసి "మళ్ళీ చేయాలి", దాని కింద ఇంకో తేదీకి "ఇది చాలు".

లేత్ మీద మైఫోర్డ్ అని ఉంది. ఆ గ్యారేజీలో రెండు గ్యాసు సిలిండర్లు కూడా ఉన్నాయి, వాటికి భయమేస్తోంది. ఇంకో చిక్కు, కొడుకు ఇప్పుడు ఫోన్ చేసి, మిగతావి అమ్మేసినా తాత జ్ఞాపకంగా తన కూతురికి ఇంజను విజిలూ నంబరు ప్లేటూ ఊడదీసి పంపమంటున్నాడు. ఆంటీకి సరే అనాలని ఉంది.

బాయిలర్_బాబాయ్:

గడువు దాటినా పర్లేదు, చరిత్ర ఉంది కదా, మళ్ళీ పరీక్ష చేయించుకోవడం కొనేవాడి పని. ఆయన క్లబ్బు సెక్రటరీకి ఫోన్ చేయండి. ఇలా సభ్యులు పోయినప్పుడు కుటుంబాలకి సాయం చేయడం చాలా క్లబ్బులకి అలవాటే. ఒక్కటి మాత్రం మొహమాటం లేకుండా అడగండి, విలువ చెప్పేవాళ్ళు కొనకూడదు. క్లబ్బుకే ఉచితంగా ఇద్దామని ఆవిడ అంటే, వాళ్ళు దాన్ని ఉంచుకుని పిల్లలని తిప్పుతారా, అమ్మి పట్టాల ఖర్చుకి వాడతారా అని ముందే కనుక్కోండి. రెండూ తప్పు కాదు, కానీ తర్వాత ఎక్కడో వేలంలో చూసి ఆవిడ బాధపడకూడదు. అమ్మాక కొన్నవాడిని ఏ షరతూ కట్టిపడేయలేదు, కాబట్టి మనిషిని చూసి అమ్మడమొక్కటే మార్గం. నేనైతే వెయ్యి పౌండ్లు తక్కువొచ్చినా నడిపేవాడికే ఇస్తా, కానీ ఆ వెయ్యి నాది కాదు, ఆవిడది, కాబట్టి నిర్ణయం ఆవిడదే.

మైఫోర్డ్ మీ పక్కనే బీస్టన్‌లో తయారైంది, ఇప్పటికీ మంచి గిరాకీ. దాని చక్ (పని ముక్కని పట్టి తిప్పే భాగం), గేర్లు, చిన్న చిన్న అటాచ్‌మెంట్లు విడిగా పోనివ్వకండి, ఖాళీ చేసేవాళ్ళు చెత్తనుకునేవి అవే. సగం ఇంజను కూడా పోత ముక్కలు, డ్రాయింగులతో సహా కలిపి ఒక్కరికే. విడదీస్తే ఇక ఎవరూ పూర్తి చేయరు. గ్యాసు సిలిండర్లు అద్దెవైతే వాటి మీద కంపెనీ పేరుంటుంది, వాళ్ళే తీసుకెళ్తారు. అద్దె బిల్లు ఇంకా ఆయన ఖాతాలోంచి పోతూ ఉండొచ్చు, అదీ ఆపించండి.

లాలాగూడ_పాత_ఫిట్టరు:

విజిలూ ప్లేటూ తీయొద్దమ్మా. విజిల్ తీస్తే బాయిలర్ మీద కన్నం మిగులుతుంది, దాన్ని మూయడానికి ఎవడో ఏదో బిగిస్తాడు. ప్లేటు తీస్తే ఇంజను పేరు పోయినట్టే. ఆ పాపకి ఆయన వాడిన మైక్రోమీటరో, సొంతంగా చేసుకున్న చిన్న పనిముట్టు ఏదైనానో పంపండి, ఇలాంటివాళ్ళ సొరుగులో తప్పకుండా ఉంటాయి. నోటు పుస్తకం అసలుది ఇంజనుతోనే వెళ్ళాలి, పాపకి పేజీలన్నీ స్కాన్ చేసి పంపండి.

గుంటూరు_మిర్చి:

ఫిట్టరు గారి మాట వినండక్కా. స్పానర్లు ఈబేలో పెట్టేటప్పుడు మాత్రం నాకు చెప్పండి, లిస్టింగులు నేను రాసిస్తా.

డెర్బీ_కోడలు:

సరే తమ్ముడూ, నీకు ఫొటోలు పంపుతా. సొరుగులో ఇత్తడి పిడితో, లోహం మీద గీతలు గీసే సూది ఒకటి దొరికింది, మీద ఆయన పొడి అక్షరాలున్నాయి, పాపకి అది పంపుదామంటే ఆంటీ వెంటనే ఒప్పుకున్నారు. విజిల్ సంగతి కొడుక్కి నేనే ఫోన్ చేసి చెప్తా. క్లబ్బు సెక్రటరీ శనివారం వస్తానన్నారు, సిలిండర్ల కంపెనీకి సోమవారం ఫోన్ చేయాలి.