పచ్చళ్ళ షాపుకి డొమైన్ (సైట్ చిరునామా): స్పెల్లింగ్ ఏది, ఎవరి పేరు మీద తీసుకోవాలి?

గోదారిగట్టు:
ఇంట్లో పెట్టిన పచ్చళ్ళు ఆన్‌లైన్లో అమ్మే పని మొదలుపెడుతున్నాం. పేరు "పచ్చళ్ళ జాడీ" అనుకున్నాం. డాట్ కామ్ తీసుకోవాలా, డాట్ ఇన్ ఆ? తెలుగు పేరుకి ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎలా తేల్చుకోవాలి? సైట్ చేసే కుర్రాడు డొమైన్ తన అకౌంట్లోనే తీసి ఇస్తానంటున్నాడు, మొదటి ఏడాది ఖర్చు కూడా తనదేనట. సరేననొచ్చా?

అక్షరాలపిచ్చి:
ముందు స్పెల్లింగ్ సంగతి. మీ పేరులో చిక్కు అక్షరాలన్నీ ఒకేచోట చేరాయండీ. "చ్చ"ని జనం మూడు రకాలుగా రాస్తారు: సిహెచ్‌సిహెచ్, సిసిహెచ్, ఒట్టి సిహెచ్. "ళ్ళ"కి ఒక ఎల్ లేదా రెండు. "జా"లో ఒక ఏ లేదా రెండు. "డీ" చివర ఐ లేదా రెండు ఈలు. లెక్కేస్తే 24 స్పెల్లింగులు. కస్టమర్ తన పిన్నికి ఫోన్లో సైట్ పేరు చెప్పే తీరు ఊహించుకోండి: "రెండు హెచ్‌లా, ఒకటేనా?" దగ్గరే ఆగిపోతుంది. పైగా అక్షరాలు తగ్గించి రాస్తే "పచ్చల్ల జడి" అని చదువుతారు.

ఒత్తులు, ళ, ణ లేని మాటలు, స్పెల్లింగ్ ఇప్పటికే స్థిరపడినవి వెతకండి. రుచి, గోదావరి లాంటివి దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. పేరు మార్చడం ఇష్టం లేకపోతే ఎక్కువమంది టైపు చేసే రెండు స్పెల్లింగులూ కొని, ఒకదాన్నుంచి రెండోదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా దారి మళ్ళించే ఏర్పాటు) పెట్టండి. మధ్యలో గీత వద్దు, చెప్పిన ప్రతిసారీ "నడుమ చిన్న గీత" అనాల్సొస్తుంది. సీసా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో అచ్చు వేసి చూడండి: ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎమ్‌లా కనిపిస్తాయి.

కొనే ముందు ట్రేడ్‌మార్క్ వెతుకులాట పేజీలో 29వ క్లాసు (పచ్చళ్ళు), 30వ క్లాసు (మసాలాలు, పొడులు) చూడండి. ఆ పేరు ఇదివరకు ఎవరిదైనా అయితే వేబ్యాక్ మెషీన్లో (సైట్ల పాత రూపాలు దాచే సైటు) పాత పేజీలు కనిపిస్తాయి. బెట్టింగ్ సైటుగా నడిచిన పేరైతే వదిలేయడమే మేలు.

డీఎన్ఎస్‌మేస్త్రి:
కుర్రాడి మాటకి మాత్రం ఒప్పుకోకండి. రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) అన్న చోట ఎవరి పేరుంటే డొమైన్ వారిదే, డబ్బు ఎవరు కట్టారన్నది రికార్డుల్లో కనిపించదు. అకౌంటు మీరు తెరిచి, మీ పేరు, మీ ఫోన్ పెట్టి, అతనికి డీఎన్ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే సెట్టింగులు) మార్చే అనుమతి ఒక్కటే ఇవ్వండి. అతని అకౌంట్లో తీస్తే, తర్వాత వేరే కంపెనీకి మార్చుకుందామంటే మీ దగ్గర ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య కోడు) ఉండాలి, అది అతనే ఇవ్వాలి. కొత్త డొమైన్‌ని మొదటి 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి (డొమైన్లు అమ్మే కంపెనీ) మార్చడం కూడా సాధారణంగా కుదరదు.

అకౌంటుకి ఇచ్చే ఈమెయిల్ ఆ డొమైన్ మీదే ఉండకూడదు. డొమైన్ ఆగితే మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు ఇక చేతికి రాదు. డాట్ కామ్ కొన్నాక వచ్చే ధ్రువీకరణ మెయిల్లో లింకు 15 రోజుల్లోపు నొక్కాలి, లేకపోతే సైట్ ఆపేస్తారు. అది స్పామ్‌లో పడి ఉంటుంది, వెతకండి.

మొదటి ఏడాది ఆఫర్ ధర కాదు, రెండో ఏడాది రెన్యువల్ ధర చూడండి. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరు. ఒకేసారి గరిష్ఠంగా పదేళ్ళకి కట్టొచ్చు. ఆటో రెన్యూ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి: 2021 అక్టోబరు నుంచి ఈ-మాండేట్ (ప్రతిసారీ కట్ చేసుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి) లేని మన దేశపు కార్డు నుంచి డబ్బు దానంతటది కట్ కాదు, విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర ఇది తరచుగా విఫలమవుతుంది. గడువు దాటిన డాట్ కామ్‌కి కొన్నాళ్ళు మామూలు ధరకే అవకాశం ఉంటుంది (రిజిస్ట్రార్‌ని బట్టి, 45 రోజులకు మించదు). ఆ తర్వాత 30 రోజులు అదనపు రుసుముతోనే వెనక్కిస్తారు. ఇంకో 5 రోజులకి ఎవరైనా కొనేసుకోవచ్చు.

గోదారిగట్టు:
చాలా థాంక్సండీ. డాట్ ఇన్, డాట్ భారత్ సంగతి?

అక్షరాలపిచ్చి:
అమ్మకం మన దేశంలోనే అయితే డాట్ ఇన్ చాలు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకీ పంపేట్టయితే డాట్ కామ్ ముఖ్యం, రెండూ దొరికితే రెండూ తీసుకోండి. డాట్ ఇన్‌ని చూసే సంస్థ నిక్సీ. అక్కడ పేరు దాచే ప్రైవసీ సేవ కుదరదు, వివరాలు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఇవ్వండి.

తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ లోపల అది "ఎక్స్‌ఎన్" తర్వాత రెండు గీతలతో మొదలయ్యే కోడు. కొన్ని చోట్ల లింకు కాపీ చేస్తే ఆ కోడే బయటపడుతుంది, ఆ చిరునామాతో ఈమెయిల్ ఇస్తే చాలా ఫారాలు తీసుకోవు. అసలు సైటుకి దారి మళ్ళించడానికే వాడుకోండి.

డీఎన్ఎస్‌మేస్త్రి:
ఇంకొకటి. సైట్ కోసం నేమ్ సర్వర్లు (డీఎన్ఎస్ సెట్టింగులు ఉండే సర్వర్లు) మార్చేటప్పుడు పాత చోట ఉన్న ఎమ్‌ఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే ఈమెయిల్ రికార్డులు ముందే కొత్త చోట రాయించండి. లేకపోతే సైట్ బాగానే తెరుచుకుంటుంది, ఆర్డర్ల మెయిళ్ళు మాత్రం రావు. డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబు అసలైనదో కాదో సరిచూసే భద్రత) ఆన్‌లో ఉంటే, నేమ్ సర్వర్లు మార్చే ముందు దానికి సంబంధించిన డీఎస్ రికార్డు రిజిస్ట్రార్ దగ్గర తీయించి, ఒకట్రెండు రోజులు ఆగండి.